చెప్పింది తిరిగి చెప్పే మనిషి

పోయిన బుధవారం మధ్యాహ్నం బాబాయిగారి నంబరు నుంచి వాయిస్ మెసేజి వచ్చింది. నాకు వాయిస్ మెసేజీలంటే భయం. ఫోన్ల గురించి మాట్లాడి బతికేదానికి ఫోన్లో వచ్చే గొంతంటే భయమేమిటని మా ఆయన నవ్వుతాడు. నవ్వితే నవ్వనీ. స్టవ్ ఆపేసి, కుర్చీలో కూర్చుని, రెండు చెవులూ అప్పగించి విన్నాను. అది బాబాయిగారి గొంతు కాదు. ఖరగ్‌పూర్‌లో ఉండే ఆయన మేనకోడలు మాట్లాడింది. సోమవారం పొద్దున టీ తాగి కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయారట. పిన్నిగారిని తనతో తీసుకెళ్ళిందట. "మామయ్య ఫోన్లో అందరికంటే పైన మీ నంబరే ఉందండీ. పేరు లేదు, 'ఫోన్లమ్మ' అని ఉంది. అందుకే చెబుతున్నా" అంది. మొత్తం అయ్యాక మొదటి నుంచి మళ్ళీ ఒకసారి విన్నాను.

ఆయన నాకు బంధువు కాదు. నా వీడియోలు వినే మనిషి. చూసే మనిషి అనడం లేదు, తెలిసే అంటున్నాను.

మా ఆయన బ్యాంకు ఉద్యోగం మమ్మల్ని కోల్‌కతా తెచ్చి ఆరేళ్ళయింది. ఇక్కడే కూర్చుని తెలుగులో ఫోన్ల గురించి, యాప్‌ల గురించి వీడియోలు చేస్తాను. ఒక పత్రికకి వారం వారం రాస్తాను. కొత్త ఫోను ఎక్కడ విడుదలైనా పెట్టె సర్దుకుని పోతాను. నా వీడియోల కింద పడే కామెంట్ల సంగతి చెప్పాలంటే, "మేడం, ఇదంతా మీ ఆయన రాసిస్తారా?" అనేది వారానికి ఒకటైనా ఉంటుంది. మా ఆయనైతే ఇంట్లో వైఫై పోతే చేతకాక టీవీని తిట్టి కూర్చుంటాడు. ఇంకొకాయన చీర బాగుంది గానీ ఫోను బాగోలేదు అని రాశాడు. తిట్టేవాళ్ళు తిడతారు, పొగిడేవాళ్ళు పొగుడుతారు, నేను అందరికీ కలిపి ఒక దణ్ణం బొమ్మ పడేసి పోతాను. అంతమందిలో నేను చెప్పిన మాటని చెప్పినట్టు చేసే మనిషి ఒకరుంటారని నేనెప్పుడూ అనుకోలేదు.

మొదటిసారి ఆయన్ని చూసింది కోల్‌కతా శివార్లలోని సంత్రాగాఛి స్టేషన్లో. విజయవాడ నుంచి వస్తూ అక్కడ దిగి, ట్యాక్సీ కోసం వెళ్ళకుండా బల్ల మీద కూర్చుని మా అమ్మకి ఫోన్లో ఏ బటన్ నొక్కాలో చెబుతున్నాను. మా అమ్మకి చెప్పడమంటే ప్లాట్‌ఫారం మొత్తానికి చెప్పడం. పక్కన ఆకుపచ్చ మఫ్లరు చుట్టుకున్న పెద్దాయన నేను ఫోను పెట్టేదాకా ఆగి, "నువ్వు ఫోన్లమ్మవి గదేటి?" అన్నారు. మొహం చూసి గుర్తుపట్టారా అని మురిసిపోయాను. కాదట. నా మొహం ఆయన ఎప్పుడూ చూడలేదు. ఇంట్లో పిన్నిగారికి పక్షవాతం, మంచం దిగలేదు. ఫోన్ని ఆవిడ చెవి దగ్గర పెడితే ఇద్దరూ కలిసి వింటారు. ఆవిడకి బొమ్మ చూపిస్తే కళ్ళు తిరుగుతాయి గనక బొమ్మ ఉన్న వైపు బోర్లా పెడతారు. చీర మార్చుకుని, దీపాలు సర్దుకుని నేను పడే తిప్పలన్నీ వాళ్ళింట్లో బోర్లా పడి ఉండేవన్నమాట.

బాబాయిగారిది శ్రీకాకుళం వైపు. ఉద్యోగమంతా ఈ రైలు యార్డుల్లోనే, సిగ్నల్ కేబిన్లలో లీవర్లు లాగడంతో గడిచింది. రిటైరయ్యాక స్టేషను వెనకాల సందులో రెండు గదులు అద్దెకి తీసుకున్నారు. చేపలవాడితో బెంగాలీ, కరెంటు ఆఫీసుతో హిందీ, పిన్నిగారితో తెలుగు. రైలు కూత వినపడితే గోడ గడియారం చూసేవారు. బండి ఆలస్యమైతే గడియారాన్నే అనుమానించేవారు. నేను విమానంలో వెళ్తున్నానన్నా "ఎన్ని గంటలకి బండి?" అనే అడిగేవారు. చేరాక చేరానని చెప్పాలి. చెప్పకపోతే మర్నాడు, "బండి అందిందా తల్లీ?" అని గొంతు వచ్చేది. రైల్వే వాళ్ళ భాషలో అందడమంటే క్షేమంగా చేరడమట. నేను చాలాసార్లు చెప్పడం మర్చిపోయేదాన్ని.

ఒకసారి కంగారుగా ఫోన్ చేశారు. "తల్లీ, ఫోను పొద్దుట్నించి 'అపుడేటి, అపుడేటి' అంటున్నాది. నాను ఏటని సెప్పాల?" నాకు ఒక నిమిషం బుర్ర తిరిగింది. అప్‌డేట్ అని చూపిస్తోందట. మేనకోడలు చదివి చెబితే ఆయనకి 'అపుడేటి' అని వినపడింది. ఫోను తననేదో నిలదీస్తోందని, జవాబు చెప్పకపోతే ఆగిపోతుందని మనిషి అన్నం తినకుండా కూర్చున్నారు. ఆ కథ వీడియోలో చెప్పుకుని బోలెడు నవ్వులు సంపాదించాను. ఆయనా నవ్వారు. ఇప్పుడు అనిపిస్తుంది, అప్పుడే నాకు భయం వేసి ఉండాల్సింది. ఒక్క మాట తప్పుగా వినపడితే అన్నం మానేసే మనిషి, నా మాటలు ఎలా వింటున్నాడో ఆలోచించి ఉండాల్సింది.

ఆయనకో అలవాటుండేది. నేను ఏ వీడియో పెట్టినా, ఫోన్లో ఏ సలహా చెప్పినా, అరగంటలో ఆయన గొంతు వచ్చేది. నేను చెప్పిందంతా ఒకటి, రెండు, మూడు అంటూ తిరిగి అప్పజెప్పి, చివర "సరేనా?" అని ఆపేవారు. మొదట్లో ముద్దొచ్చేది. ఎక్కాలు అప్పజెప్పినట్టు ఏమిటి బాబాయిగారూ అని ఏడిపించాను. ఆయన నవ్వలేదు. కేబిన్ పని అలాంటిదట. స్టేషను మాస్టరు ఫలానా లైను ఇవ్వమని ఫోన్లో చెబితే, కేబిన్లో ఉన్న మనిషి ఆ మాటనే తిరిగి చెప్పాలి. అవతల నుంచి సరే అని వచ్చాకే లీవరు మీద చెయ్యి వెయ్యాలి. "ఇనడం ఒక పని, ఇన్నానని సెప్పడం ఇంకో పని. మొదటిది సెయ్యకుండా రెండోది సేసినోడు బండిని సంపేస్తాడు" అన్నారు. నేను ఆ మాటని కూడా ఎక్కడైనా వాడుకోవచ్చని రాసి పెట్టుకున్నాను. రాసుకున్నానే గానీ వినలేదు.

రోజూ వచ్చే గొంతు. ఎప్పుడూ నేను చెప్పిందే. ఎంతసేపని వింటాం? తిరిగీ తిరిగీ ఏదో ఊళ్ళో దిగి, హోటలు మంచం మీద వాలితే ఆ మూడు నిమిషాలు వినే ఓపిక ఉండేది కాదు. మెసేజి తెరవకుండానే కింద బొటనవేలు బొమ్మ పెట్టేసేదాన్ని. పెద్దాయన సంతోషిస్తారు, నాకూ ఒక పనైపోతుంది. ఇలా ఎన్నాళ్ళు చేశానో నాకే తెలీదు.

రెండేళ్ళ కిందటి చలికాలంలో, బ్యాటరీ ఉబ్బితే ఏం చెయ్యాలి అని నిమిషం వీడియో ఒకటి చేశాను. ఛార్జింగ్ తీసెయ్యండి, ఫోన్ ఆపెయ్యండి, నొక్కకుండా దెబ్బ తగలకుండా పక్కన పెట్టెయ్యండి, సర్వీస్ సెంటరుకి తీసుకెళ్ళండి. రాసుకున్నదాంట్లో ఇంకో వాక్యం ఉంది: గుడ్డలకీ పరుపులకీ దూరంగా ఉంచండి అని. నిమిషం దాటుతోందని దాన్ని నేనే కోసేశాను. ఎవరో కోశారని చెప్పుకోవడానికి కూడా లేదు.

ఆ వీడియో పెట్టిన నాలుగో రోజు బెంగళూరులో ఒక మడత ఫోను విడుదల. పదకొండు గంటలకి విమానాశ్రయంలో కూర్చున్నాను. గేటు తెరవలేదు. ఏమీ తోచక ఫోన్లో విననివీ చూడనివీ శుభ్రం చేద్దామని మొదలుపెట్టాను. బాబాయిగారి మెసేజి కనపడింది. రెండు రోజుల కిందటిది. వినలేదని చూపించే గుర్తు అలాగే ఉంది. దాని కింద నా బొటనవేలు కూడా ఉంది. చెవిలో పెట్టుకుని నొక్కాను.

"తల్లీ, నాను మాటాడతన్నాను. మా ఫోను ఉబ్బిపోనాది. ఎనకాల అట్ట లెగిసి నిలబడ్డాది. నువ్వు సెప్పినట్టే సేస్తాను. ఒకటి, చార్జింగు పీకీసాను. రెండు, నువ్వు సరే అన్నాక ఆపీస్తాను. మూడు, దెబ్బ తగలకుండా పక్కలో ఎట్టీస్తాను. ముసిల్దాని కాళ్ళకాడ మెత్తగుంటాది, మీద బొంత కప్పీస్తాను. నాలుగు, మేనకోడలు ఆదివారం ఒచ్చినాక దుకాణానికి అట్టుకెల్తాను. సరేనా?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. పక్కన పెట్టండి అంటే నాకు దూరంగా ఓ మూల పెట్టడం. ఆయనకి పక్క అంటే పడుకునే పక్క. పక్క వెయ్యడం, పక్క దులపడం మా ఇంట్లోనూ అంటాం, ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం నాకు గుర్తు రాలేదు. దెబ్బ తగలకూడదు అన్నాను గనక మెత్తటి చోటు వెతికారు. రాత్రీ పగలూ పక్క పరిచి ఉండే ఇల్లది. ఆ ఇంట్లో ఆ మాటకి ఇంకో అర్థం ఎక్కడి నుంచి వస్తుంది? అయినా ఆయన నన్ను అడిగారు. నా జవాబు వచ్చేదాకా ఫోన్ ఆపకుండా ఆగారు. నేను సరే అన్నాను.

ఫోన్ చేశాను. ఆపేసి ఉంది. ఆపెయ్యమన్నది నేనే. ఇంకో నంబరు నా దగ్గర లేదు. మా ఆయనకి చేసి చెప్పాను. రెండు రోజులైంది గదా, అయ్యేదుంటే ఈపాటికి అయ్యేది, కంగారు పడకు అన్నాడు. ఆ మాటే నన్ను ఇంకా భయపెట్టింది. అది ఆవిడ కాళ్ళ దగ్గర ఉన్నకొద్దీ, ఆవిడ కాలు దాని మీద పడే గంటలు పెరుగుతున్నాయన్నమాట. కాలు పడినా ఆవిడకి తెలీదు. పొగ వచ్చినా ఆవిడ లేవలేదు, కేక వెయ్యలేదు. పోలీసులకి చెబుదామంటే చిరునామా అడుగుతారు. స్టేషను వెనకాల, నూనె గానుగ దాటాక రెండో సందు అని తప్ప నాకేం తెలుసు? రెండుసార్లు వాళ్ళింట్లో టీ తాగాను, ఇంటి నంబరు చూడలేదు.

గేటు తెరిచారు. నేను వరసలోంచి పక్కకొచ్చి, బయటికి పోయే దారి ఎటని ఒక పోలీసుని అడిగి, బతిమాలి బయటపడ్డాను. ట్యాక్సీ ఎక్కి సంత్రాగాఛి అన్నాను. ఆ ఊరు ఈ ఊరికి ఒక చివర, ఈ విమానాశ్రయం ఇంకో చివర. డ్రైవరు నా మొహం చూసి ఎవరైనా పోయారా దీదీ అని బెంగాలీలో అడిగాడు. ఇంకా లేదు అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది.

గంటన్నర పట్టింది. హుగ్లీ మీద రెండో వంతెన దాకా ఎలాగో వచ్చాం, అది దిగాక కోనా రోడ్డు మీద లారీల వెనక ఇరుక్కుపోయాం. నేను పరీక్షలు చేసిన ఫోన్లన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఒకసారి ప్రయోగశాలలో ఉబ్బిన బ్యాటరీకి మేకు గుచ్చి చూపించారు. ముందు తెల్లటి పొగ, తర్వాత మంట. అద్దం అవతల నిలబడి నేను దాన్ని ఉత్సాహంగా వీడియో తీశాను, చాలామంది చూశారు. ఇప్పుడు ఆ అద్దం లేకుండా, బొంత కింద అదే జరుగుతున్నట్టు కనపడేది. మొక్కుకుందామంటే ఏ దేవుడికి ఏమని మొక్కాలో తోచలేదు. నేను వినకుండా సరే అన్నాను, నువ్వు విని కాపాడు అని ఏ మొహం పెట్టుకుని అడగను?

సందు మొదట్లో దిగి పరుగెత్తాను. పొగ లేదు. జనం లేరు. తలుపు తీసే ఉంది. బాబాయిగారు మంచం పక్కన పీట మీద కూర్చుని పిన్నిగారికి చెంచాతో పెరుగన్నం పెడుతున్నారు. నన్ను చూసి, "ఏటి తల్లీ, ఈయాల నీకు బండి ఉన్నాది గదా?" అన్నారు. జవాబు చెప్పకుండా బొంత ఎత్తాను. పిన్నిగారి పాదాల దగ్గర, ఉతికిన పాత చీర ముక్కలో చుట్టి, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు పెట్టారు దాన్ని. దానికి ఆనుకుని వేడినీళ్ళ రబ్బరు సంచి ఉంది. చలికి ఆవిడ కాళ్ళు కొంకర్లు పోకుండా రోజుకి మూడుసార్లు నీళ్ళు కాచి నింపుతారట.

ముందు సంచి తీసి కింద పెట్టాను. తర్వాత చీర ముక్కతో సహా దాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాను. వెచ్చగా ఉంది. అది సంచి వేడో, దాని వేడో తెలీదు. "ఇసక కావాలి, ఇనప బకెట్టు కావాలి" అన్నాను. ఎందుకని ఆయన అడగలేదు. ముప్ఫై ఏళ్ళు రైల్వేలో చేసిన మనిషి, ఆ రెండు మాటలు కలిపి వింటే చాలు, నిప్పు సంగతని తెలిసిపోతుంది. నాకంటే ముందు వీధిలో ఉన్నారు. ఎదురింటివాళ్ళు గోడ కట్టుకుంటూ పోసుకున్న ఇసక గుట్ట ఉంది. బకెట్టులో సగం నింపి ఆయన పట్టుకున్నారు. నేను ఒక్కొక్క అడుగే వేస్తూ, ఊపిరి కూడా గట్టిగా తీసుకోకుండా, గడప దాటి మెట్టు దిగి దాన్ని ఇసకలో దింపాను. పైన ఇంకా ఇసక పోశారు. ఇద్దరం దూరంగా నిలబడ్డాం. ఏమీ కాలేదు. తర్వాత కూడా ఏమీ కాలేదు. మర్నాడు సర్వీస్ సెంటరువాళ్ళు వచ్చి అలాగే ఇసకతో పట్టుకుపోయారు. ఏమీ కాలేదు గదా అని మా ఆయన ఇప్పటికీ అంటాడు. 

బాబాయిగారు లోపలికెళ్ళి, పిన్నిగారి మూతి తుడిచి, చేతులు కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. మొహంలో కోపం లేదు. ప్రమాదం తప్పాక విచారణ ఉంటుంది గదా, ఆయన అది మొదలుపెట్టారు. "నాను తిరిగి సెప్పినాను. నువ్వు బొటనేలు ఎత్తినావు. మరి తప్పు ఎక్కడ జరిగినాది?"

తప్పించుకోవడానికి దారి ఉంది. పక్కన అంటే దూరంగా అండీ, మీరు పక్కలో అనుకున్నారు అనొచ్చు. యాస మీదికి నెట్టెయ్యొచ్చు. ఆయన నమ్మేవారు కూడా, నాను సదువుకోనోడిని తల్లీ అని తప్పు తన నెత్తినే వేసుకునేవారు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది.

"నేను వినలేదు బాబాయిగారూ. వినకుండానే వేలు పెట్టాను" అన్నాను.

 ఆయన నా చేతి వైపు చూశారు. "ఇదొక్కటేనా?" అన్నారు.

కాదన్నాను. చాలా వాటికి అంతేనన్నాను. ఆయన తల ఊపి, లేచి, నాకు టీ పెట్టారు. అల్లం వేసి, నాకు కావలసినంత చక్కెరతో. తాగుతుంటే ఏడుపొచ్చింది. నేను కప్పు కింద పెట్టేదాకా ఆయన కిటికీలోంచి పట్టాల వైపు చూస్తూ కూర్చున్నారు.

ఆ తర్వాత నన్ను ఆయన దూరం పెట్టలేదు. అలా చేసినా బాగుండేది. కొత్త ఫోను నేనే తీసుకెళ్ళి ఇచ్చాను, తీసుకున్నారు. మెసేజీలు వచ్చేవి. నేను ఒక్కటి వదలకుండా, వచ్చిన నిమిషంలో, ఎవరితో మాట్లాడుతున్నా ఆపి వినేదాన్ని.  ముసిల్ది నీ గొంతు ఇని నవ్వినాది తల్లీ, అనేవారు. రేపు ఎన్ని గంటలకి బండి, అనేవారు. ఒకటి, రెండు, మూడు మాత్రం లేదు. చివర "సరేనా?" కూడా లేదు. ఫోన్లో ఏదైనా తేడా చేస్తే స్టేషను దగ్గర రీఛార్జి కొట్టతన్ని, అందరూ దాదా అంటే అన్నా అని పిలిచే మనిషిని, అడుగుతున్నారని తర్వాత తెలిసింది. ఆ దాదాకి నాకు తెలిసినదాంట్లో పదో వంతు తెలీదు. కానీ తను చెప్పింది బాబాయిగారు తిరిగి చెబుతుంటే ఎదురుగా నిలబడి వింటాడట.

పోయిన వేసవిలో వాళ్ళింటికి వెళ్ళాను. పోలీసులమని చెప్పి ముసలివాళ్ళని బెదిరించే ఫోన్లు ఎక్కువయ్యాయని, వస్తే ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో దగ్గర కూర్చుని నెమ్మదిగా చెప్పాను. పదం పదం చూసుకుని, రెండర్థాలొచ్చే మాట లేకుండా చెప్పాను. చెప్పడం అయ్యాక ఆగాను. ఆయన "ఆచ్ఛా" అని ఊరుకున్నారు. ఏం అర్థమైందో, ఏ మాట ఎలా వినపడిందో నాకెలా తెలుస్తుంది? ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు ఆ ఫోను మోగితే ఏం చేస్తారు? నాకు మళ్ళీ ఆ ట్యాక్సీలో కూర్చున్నంత భయం వేసింది.

"బాబాయిగారూ, ఒక్కసారి తిరిగి చెప్పండి. వింటాను" అన్నాను.

ఆయన నా వైపు చూసి, ఎంతో మర్యాదగా నవ్వారు.

"ఒద్దులే తల్లీ. నీకు పన్లుంటాయి గదా" అన్నారు.

ఆ రోజు నాకు ఏ పనీ లేదు.